పన్ను తగ్గిస్తే పరుగు పెరుగుతుందా?

ఇక్కడ పన్నంటే ఇంటి పన్నూ, నీటి పన్నూ కాదండోయ్! మోటారు సైకిలు చైను తిరిగే పళ్ళ చక్రానికి, అనగా స్ప్రాకెట్‌కు, ఉండే పన్ను. ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ మెకానిక్ షాపు దగ్గర కాసేపు నిలబడితే, "బాబాయ్, ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువది ఏసెయ్. బండి దూకెయ్యాలి!" అనే కుర్రాడు తగులుతూ ఉంటాడు.

నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. హైవే మీద తిరిగే మన విద్యార్థి మిత్రులకు ఈ మార్పు అక్కరలేదు. అక్కర ఉన్నది కొల్లేరు చెరువు గట్ల మీద తవుడు బస్తాలు మోసేవాళ్ళకు.

లెక్క చూద్దాం. ముందు 14 పళ్ళు, వెనుక 42 పళ్ళు ఉన్న బండి అనుకోండి. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనుకది ఒక చుట్టు తిరుగుతుంది. ముందు 13 వేస్తే ఆ నిష్పత్తి 3 నుంచి 3.23కు పెరుగుతుంది. వెనుక చక్రం దగ్గర లాగుడు సుమారు 8 శాతం హెచ్చుతుంది. ముందుది ముట్టుకోకుండా వెనుక 45 వేసినా దాదాపు అంతే. అయితే ఇంజను బలం పిసరంత కూడా పెరగలేదు సుమా! ఇదివరకు 60 కిలోమీటర్ల వేగం ఇచ్చిన ఇంజను చుట్లు ఇప్పుడు 56 లోపే ఇస్తాయి. గడ్డపారతో రాయిని లేపేటప్పుడు మన చెయ్యి మూరెడు కదిలితే రాయి బెత్తెడు కదులుతుంది చూశారూ, అదే సూత్రం. మనం ఫిజిక్సు పరీక్షకు బట్టీ పట్టి, హాలు బయటికి రాగానే మరిచిపోయిందే!

అసలు సంగతి ఇక్కడుంది. పై గేరులో బండి లాగకపోతే ఎడమకాలితో ఒక గేరు దించండి. 8 శాతం కాదు, అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ లాగుడు దొరుకుతుంది. గేరుపెట్టె పెట్టిందే అందుకు. చేతిలో ఉన్నదాన్నే మళ్ళీ డబ్బు పోసి కొనుక్కుని, ఏలూరు నుంచి గూడెం దాకా ఇంజను గోల వింటూ, పెట్రోలు ఎక్కువ పోయిస్తూ పోవడంలో ఏం సుఖముందో నాకు తెలియదు. పైగా లారీని దాటబోయే వేళకు ఇంజను చుట్లు ముందే చివరికొచ్చి, ఇక ఇవ్వడానికేమీ మిగలదు.

మొదటి గేరులో ఉన్నవాడి సంగతి వేరు. అతనికి దించడానికి ఇంకో గేరు లేదు. కైకలూరు వైపు గట్లు చూడండి. కొండా గుట్టా లేని పల్లపు నేల అది. 1999లో కొల్లేరు అభయారణ్యానికి హద్దుగా పెట్టిందే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. అక్కడ బండిని ఆపేది ఎత్తు కాదు, బురద. వాన పడితే నల్లమట్టి టైరుకు ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటుంది. వెనుక బస్తాలు. ఇరుకు గట్టు మీద వేగంగా పోయి ఊపు తెచ్చుకునే వీలూ లేదు. మొదటి గేరులోనే ఇంజను ఆగిపోబోతుంటే క్లచ్ సగం పట్టి లాగిస్తారు. క్లచ్ ప్లేట్లు కాలుతున్న ఆ వాసన వ్యవసాయం ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్లేట్ల ఖర్చు అతని కూలి డబ్బుల్లోంచే పోవాలి గదా! ఆ మనిషికి 8 శాతం అంటే చిన్న విషయం కాదు. తగ్గే వేగం అతనికి ఎలాగూ పనికొచ్చేది కాదు.

అట్లాగని, లాగుతోంది గదా అని ఇంకో బస్తా ఎక్కిస్తే మాత్రం ముప్పే. ఎంచేతనంటే స్ప్రాకెట్ మారినా బ్రేకు పాతదే, టైరూ పాతదే. గట్టు దిగి తారు రోడ్డు ఎక్కాక ఆ బరువుతో బండి ఆగొద్దూ?

చైన్ సెట్ అరిగి ఎలాగూ మార్చే రోజున ఈ పని పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది. అరిగిన చైను మీద కొత్త స్ప్రాకెట్ వేస్తే దాని పళ్ళూ త్వరగా అరుగుతాయి. వెనుక పెద్దది వేయించేవాళ్ళు చైనుకు లింకులు చాలతాయో లేదో ముందే లెక్క చూపించుకోవాలి.