ప్రయాణపు ఆట: ఎక్కడ దిగాలో తెలిసిన యంత్రం

రాయపూరు నగరానికి తూర్పు దిక్కున తెలీబంధా అనే పేట ఉన్నది. అక్కడి చెరువుగట్టును నేడు ‘మెరైన్ డ్రైవ్’ అని పిలుస్తున్నారు. సాయంకాలం అయ్యేసరికి వాహ్యాళికి వచ్చేవారితో, మొక్కజొన్న పొత్తులు కాల్చేవారితో ఆ గట్టు కళకళలాడుతుంది. ఒకప్పుడు ఈ పేటలో చిన్న రైలుస్టేషను ఒకటి ఉండేది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద రాయపూరు నుండి ధంతరి దాకా నడిచిన బుల్లి రైలు అక్కడ ఆగి, నాలుగు మూటలనూ నలుగురు మనుషులనూ ఎక్కించుకొని, మళ్ళీ మెల్లగా కదిలేది. నగరంలో ఆ పట్టాలు ఇప్పుడు లేవు. వాటి స్థానంలో రహదారి వచ్చింది.

రైలు వేగమైనదైనా, మందమైనదైనా, ప్రయాణికుడికి ఒక చిక్కు మాత్రం తప్పదు. అతని చేతికి కాలం చిక్కుతుంది గాని, ముక్కలు ముక్కలుగా చిక్కుతుంది. టిక్కెట్టు వరుసలో పది నిమిషాలు, సిగ్నలు దగ్గర ఏడు నిమిషాలు, తన ఊరు వచ్చేలోపు మరొక అరగంట. ఈ తునకలను ఏమి చేసుకోవాలి? మనిషి ఈ ప్రశ్నకు అనాదిగా చెప్పుకుంటున్న సమాధానాలలో ఆట ఒకటి.

మన పెద్దలు ఈ విషయంలో వెనుకబడినవారు కారు. పచ్చీసు ఆటకు గుడ్డమీద గడులు కుట్టుకున్నారు. ఆట ముగియగానే గవ్వలనూ కాయలనూ అదే గుడ్డలో మూటగట్టి సంచిలో వేసుకునేవారు. వామనగుంటల పీటను నడుమ బందులు వేసి పుస్తకంలా మూసేట్టు చేయించుకున్నారు. పులిజూదానికైతే పీట కూడా అక్కరలేదు. సుద్దముక్కతో అరుగుమీద నాలుగు గీతలు గీసి, రాళ్ళను పులులుగా, మేకలుగా నిలిపితే సరిపోయేది. ప్రయాణానికి పనికివచ్చే ఆట తేలికగా ఉండాలనీ, చప్పున విప్పి చప్పున మూసేట్టు ఉండాలనీ వారు ఏనాడో గ్రహించారు. అయితే కుదిపే బండిలో గవ్వలు దొర్లిపోతాయి. పక్కన తోడు ఆడేవారు లేకపోతే పులి ఒంటరిదవుతుంది. ఈ రెండు లోపాలనూ తీర్చినది యంత్రం.

అమెరికాలో మాటెల్ సంస్థ 1976లో ‘ఆటో రేస్’ అనే చేతియంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఎర్రని దీపపు చుక్కలే అందులో కార్లు. అయినా ప్రయాణికుడి అవసరాన్ని దృష్టిలో పెట్టుకొని ఆటను రూపొందించిన కీర్తి జపాను ఇంజనీరు గున్‌పేయి యొకోయికి దక్కుతుంది. ఆయన 1941లో క్యోటో నగరంలో జన్మించారు. విద్యుత్ శాస్త్రం చదివి, 1965లో నింటెండో సంస్థలో చేరారు. 1889లో పేకముక్కల తయారీతో మొదలైన ఆ సంస్థలో ఆయనకు అప్పగించిన పని యంత్రాల మరమ్మతు. తీరిక వేళలో సరదాకు చేసుకున్న సాగే చేతి బొమ్మ ఒకటి యజమాని కంటబడి, 1966లో అంగడికెక్కడంతో ఆయన ఆటవస్తువుల రూపకర్త అయ్యారు.

యొకోయి జీవితంలో ప్రసిద్ధమైన ఘట్టం ఒక రైలుబండిలో జరిగింది. జపాను వేగబండి షింకాన్సెన్‌లో వెళుతూ, విసుగుతో చేతిలోని లెక్కల యంత్రం మీటలను ఊరకనే నొక్కుకుంటున్న ఉద్యోగి నొకనిని ఆయన చూశారు. పెద్దమనిషికి సైతం నలుగురి నడుమ ఆడుకోవాలని ఉంటుంది, కాని నలుగురూ చూస్తారన్న బిడియం అడ్డువస్తుంది. చేతులు ఒడిలో పెట్టుకొని, బొటనవ్రేళ్ళు మాత్రమే కదిపితే చాలునన్నట్టు, జేబులో ఇమిడే ఆటయంత్రం ఉంటే? ఆ ఆలోచన ఫలితమే 1980 ఏప్రిల్‌లో వెలువడిన ‘గేమ్ అండ్ వాచ్’. మొదటి ఆట పేరు ‘బాల్’. బంతులు ఎగరవేసి పట్టే గారడీవాడు, రెండు మీటలు, అంతే. ఆడనప్పుడు అది గడియారంగా పనిచేసేది. ప్రయాణికుడి సంచిలో చోటు సంపాదించాలంటే వస్తువు ఆడనప్పుడు కూడా ఉపయోగపడాలన్న ఇంగితం అందులో ఉన్నది. ఈ వరుసలోని యంత్రాలు మొత్తం 4 కోట్ల 30 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

1982లో ఆయన మరొక సమస్యను పరిష్కరించారు. ఆటశాలల యంత్రాలకు ఉండే నిలువు పిడి జేబులో ఇమడదు, గుడ్డకు తగులుకుంటుంది. యొకోయి దానిని కూలిక గుర్తు ఆకారంలో ఉండే చదునైన మీటగా మార్చారు. బొటనవ్రేలు దానిపై ఆనితే చాలు, చూపు తెరమీదనే నిలిపి నాలుగు దిక్కులకూ బొమ్మను నడపవచ్చును. నేటికీ ఆటయంత్రాలపై మనకు కనిపించే ఆ మీట నిజానికి జేబు కోసం పుట్టినదే.

యొకోయి తన పద్ధతికి ఒక పేరు పెట్టుకున్నారు. ఆ జపాను మాటలను తెలుగులో చెప్పాలంటే ‘ఎండిన సాంకేతికతపై పక్కదారి ఆలోచన’ అనవచ్చును. ఇక్కడ ‘ఎండిన’ అన్నది నిందార్థం కాదు. పచ్చి కలపతో తలుపు చేయిస్తే వానాకాలానికి వంకరపోతుంది. అనుభవమున్న వడ్రంగి కలపను ఎండనిస్తాడు. యంత్రభాగాలూ అంతే. కొత్తగా వచ్చినవి ఖరీదైనవి, వాటి గుణదోషాలు ఎవరికీ పూర్తిగా తెలియవు. ఎండి ఆరినవి చవక, వాటి గుణం అందరికీ తెలుసు. లెక్కల యంత్రాల వ్యాపారంలో పోటీ ముదిరి చవకబారిన ద్రవస్ఫటికపు తెరను ఆయన ఆటకు వాడుకున్నది ఈ సూత్రం మేరకే.

ఈ సూత్రానికి అసలు పరీక్ష 1989లో ఎదురైంది. ఆ ఏప్రిల్ 21న నింటెండో ‘గేమ్ బాయ్’ను విడుదల చేసింది. యొకోయి విభాగంలోని సతోరు ఒకాదా మొదలైన ఇంజనీర్లు దాని నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించారు. తెరకు రంగులు లేవు. ఆకుపచ్చ చాయలో నాలుగు నీడలు మాత్రమే. వెనుక దీపమూ లేదు. అదే ఏడాది అటారీ సంస్థ ‘లింక్స్’నూ, మరుసటి ఏడాది సెగా సంస్థ ‘గేమ్ గేర్’నూ రంగుల తెరలతో, వెలుగుతో తెచ్చాయి. అంగడిలో పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్ బాయ్ వెలవెలబోయేది. కాని ఆ రంగుల యంత్రాలు ఆరేసి బ్యాటరీలను కొద్ది గంటలలోనే హరించివేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి పనిచేసేది. దారి మధ్యలో కన్నుమూసే రంగుల బొమ్మకన్న, గమ్యం దాకా తోడు వచ్చే మసక బొమ్మనే ప్రయాణికులు ఎంచుకున్నారు. దాని తరువాతి రంగుల రూపంతో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా గేమ్ బాయ్‌లు అమ్ముడయ్యాయి.

ఆ విజయంలో సగం పాలు ‘టెట్రిస్’ది. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో కల్పించిన ఈ ఆటలో పైనుండి ఇటుకల వంటి ముక్కలు పడతాయి. సందు లేకుండా వరుస పేరిస్తే అది మాయమవుతుంది. ఇందులో కథ లేదు, భాష లేదు, జ్ఞాపకం ఉంచుకోవలసినది ఏదీ లేదు. మూడు నిమిషాలు ఆడి ఆపవచ్చును. మూడు రోజుల తరువాత అందుకున్నా ‘ఎక్కడ ఉన్నాను?’ అని వెతుక్కోవలసిన పని లేదు. ఈ ఆటకు నకళ్ళయిన చవక ‘బ్రిక్ గేమ్’ యంత్రాలు 1990ల నాటి మన తిరునాళ్ళలోనూ, బొమ్మల దుకాణాలలోనూ కనిపించేవి.

సూత్రకర్త సైతం ఒకసారి సూత్రం తప్పాడు. 1995లో వచ్చిన ‘వర్చువల్ బాయ్’ యొకోయి రూపొందించినదే. బల్లమీద నిలిపి, కళ్ళు లోనికి ఆనించి, ఎర్రని బొమ్మలను చూడవలసిన యంత్రమది. జేబులో పట్టదు, దారిలో ఆడడానికి వీలుపడదు, లోకాన్ని పూర్తిగా మరిపించమంటుంది. ఏడాదైనా తిరగకముందే అది అంగడి నుండి తప్పుకున్నది. 1996లో ఆయన నింటెండోను విడిచి సొంత సంస్థ స్థాపించారు. బందాయ్ సంస్థ కోసం మళ్ళీ తన పాతదారిలోనే, ఒకే ఒక్క బ్యాటరీతో నడిచే యంత్రాన్ని తలపెట్టారు. అది పూర్తయ్యే దాకా ఆయన బ్రతకలేదు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో మరణించారు. ‘వండర్‌స్వాన్’ పేరుతో 1999లో వెలువడిన ఆ యంత్రం మీది ఆట ఒకదానికి ‘గున్‌పే’ అని ఆయన పేరే పెట్టారు.

ఆయన మరణించిన సంవత్సరమే నోకియా 6110 ఫోనులో ‘స్నేక్’ అనే పాము ఆట వచ్చింది. దానిని రాసినవాడు ఫిన్లాండు ఇంజనీరు తనేలి అర్మాంతో. ఆటయంత్రం కొనే స్తోమత లేని కోట్లాది భారతీయుల చేతికి తొలి చేతియాట అలా ఫోనుతోపాటే అందింది. ఆటయంత్రం, గడియారం వేరుకాదన్న యొకోయి ఊహ ఒకరకంగా అక్కడ పూర్తయింది.

కాని ఇటీవలి ఫోను ఆటలలో చాలా వాటిని పరిశీలిస్తే ఆ ఊహ తలక్రిందులైన సంగతి బోధపడుతుంది. ‘ఈ రోజు రాకపోతే కానుక పోతుంది’ అని బెదిరించే ఆట ఒకటి, ‘శక్తి అయిపోయింది, రెండు గంటలు ఆగు, లేదా డబ్బు కట్టు’ అనే ఆట మరొకటి. ప్రయాణికుడి ఖాళీని నింపడం వీటి లక్ష్యం కాదు, ఖాళీ కాని వేళను సైతం ఆక్రమించుకోవడమే లక్ష్యం. ఇక డబ్బు పందెపు ఆటలు జీతాన్నీ, ఇంటి మనశ్శాంతినీ కూడా మింగుతున్నందువల్లనే వాటిపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం విధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. చట్టం పందెాన్ని ఆపగలదు. వ్యసనానికి అనువుగా ఆటను అల్లే నేర్పును ఆపవలసినది రూపకర్త మనస్సాక్షి.

నేడు మన యువకులు, యువతులు ఎందరో ఆటల రూపకల్పనను వృత్తిగా చేపడుతున్నారు. రాయపూరు నుండి రాయగడ మీదుగా విజయనగరం, విశాఖపట్నం వెళ్ళే రైలులో ఒక రాత్రి ప్రయాణం వారికి ఏ పాఠశాలా నేర్పని పాఠం చెబుతుంది. నిలబడ్డవాని ఒక చేయి కమ్మీని పట్టుకొని ఉంటుంది, కనుక ఆట ఒంటిచేతికి లొంగాలి. బండి కుదుపుతుంది, కనుక వెంట్రుకవాసి గురి అడగరాదు. పైబెర్తులో ఒకరు నిద్రపోతున్నారు, కనుక శబ్దం లేకపోయినా ఆట అర్థం కావాలి. కొండల నడుమ ఫోను సంకేతం తెగిపోతుంది, కనుక ఆట దానిపై ఆధారపడరాదు. కిటికీ ఎండలో తెర కనిపించాలి. తెలుగులో ఆడించదలిస్తే మన లిపికి పైన గుడి, దీర్ఘం, క్రింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి చాలే నిలువు చోటు తెలుగుకు చాలదు. అన్నిటికన్న ముఖ్యం, ఏ క్షణాన ఆపినా ఆడేవానికి నష్టం కలగరాదు. 2004లో వచ్చిన ‘నింటెండో డీఎస్’ ఈ మర్యాద బాగా ఎరిగినది. దాని మూత మూస్తే ఆట నిద్రపోతుంది, తెరిస్తే అక్కడి నుండే మేలుకొంటుంది. నాటి వామనగుంటల పీట కూడా మూసుకొనేదే, కాని ఆటను అలా నిద్రపుచ్చడం దానికి చేతకాలేదు.

తెలీబంధాలో ఆగిన బుల్లి రైలు ప్రయాణికుడిని ఎక్కించుకోవడమే కాదు, అతని ఊరు రాగానే దించివేసేది కూడా. దారిలో ఆడుకునే ఆటకు ఉండవలసిన మొదటి గుణం అదే. కిటికీ అవతల పొలాలు గడుస్తుంటాయి, ఎదుటి బల్లమీద ముసలమ్మ ఏదో అడగబోతుంటుంది, దిగవలసిన స్టేషను దగ్గరపడుతుంది. ఆ క్షణాన చేతిలోని బొమ్మ తనంత తానుగా వెనక్కు తగ్గితే, అది మంచి ఆట. తగ్గనంటే, అది ఎంత అందమైనదైనా, మనిషిని వాని ఊరు దాటించి ఎక్కడికో తీసుకుపోయే బండి.