శిక్ష పెరగాలంటే తీర్పు ఉండాలి

ఒకసారి శిక్ష పడినవాడు మళ్లీ అదే తప్పు చేస్తే శిక్ష పెరగడం న్యాయమే. ఇందులో మాకు భేదాభిప్రాయం లేదు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షతో బయటపడతాడు. రెండోసారి దొంగతనంలో దోషి అయితే ఏడాదికి తగ్గని కఠిన కారాగారం. అది ఐదేళ్ల దాకా పోవచ్చు. మద్యం తాగి వాహనం నడిపితే జరిమానా 10,000 నుంచి 15,000 రూపాయలకు, జైలు గడువు ఆరు నెలల నుంచి రెండేళ్లకు పెరుగుతుంది.

అయితే ఈ లెక్క కట్టవలసింది న్యాయస్థానం. స్టేషన్లో నమోదైన కేసులను బట్టి కాదు. పేరును, పేటను బట్టి అసలే కాదు. ఆ హద్దు చెరిగితే ఏమవుతుందో తెలుగు నేల ఎరుగును. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా ఎంచింది. ఆ చట్టం నీడలోనే స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలు నిఘా నడుమ బతికాయి. 1952లో అది రద్దయినా 'అలవాటు నేరస్థులు' అనే ముద్ర రాష్ట్రాల చట్టాల్లో మిగిలిపోయింది. విచారణ లేకుండా ఏడాది వరకు నిర్బంధించే పీడీ చట్టాన్ని తెలంగాణ విచ్చలవిడిగా వాడుతున్నదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టే మందలించింది.

మన కుటుంబాలు ఒక సంగతి గుర్తించాలి. రోజు సంపాదన పోగొట్టుకుని వాయిదాలకు తిరగలేక, రేణిగుంట ఆటో డ్రైవరైనా, తోపుడు బండి వ్యాపారైనా 'తప్పు ఒప్పుకుంటే సరిపోతుంది' అనుకుంటాడు. ఒప్పుకోలుతో కేసు ముగుస్తుంది గాని, దోషి అన్న తీర్పు రికార్డులో నిలుస్తుంది. రేపు మరో కేసు వస్తే అదే 'మొదటిసారి' అవుతుంది. రాజీకి వీలున్న నేరంలో చట్టబద్ధంగా కుదిరిన రాజీ మాత్రం నిర్దోషిగా విడుదలతో సమానం. ఈ తేడా తెలియక సంతకం చేయరాదు. 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయానికి దారి తెలుస్తుంది.

తల్లిదండ్రుల బాధ్యతా ఉంది. మైనరు బిడ్డ బండి నడుపుతూ నేరం చేస్తే బండి ఇచ్చిన పెద్దలకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. మొదటి తప్పునాడే మందలించే ఇల్లు రెండో తప్పును ఆపుతుంది.

మసీదు కమిటీలు జుమా తర్వాత నెలకొకసారి న్యాయవాదిని పిలిపించి ఈ విషయాలు చెప్పించాలి. పోలీసు శాఖను మేము కోరేది ఒక్కటే: శిక్ష అనుభవించి, తౌబా చేసి, కష్టపడి బతుకుతున్నవాడిని ప్రతి పండుగకూ స్టేషనుకు పిలవకండి. తీర్పు లేని శిక్ష మొదటిసారైనా అన్యాయమే.