ముందు బండిని లేపి చూడండి

జపాన్‌లో పెద్ద మోటార్ సైకిల్ లైసెన్సు కోసం డ్రైవింగ్ స్కూల్లో చేరినవాళ్ళకు మొదట నేర్పేది నడపడం కాదు. నేల మీద పక్కకు పడుకోబెట్టిన బండిని చూపించి లేపమంటారు. దాని బరువు రెండు వందల కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఈ పనికి వాళ్ళ భాషలో ‘హికియోకోషి’ అని పేరు కూడా ఉంది. లేపి నిలబెట్టాక, ఇంజన్ ఆపి ఉన్న ఆ బండిని చేతులతో నెట్టుకుంటూ నడవాలి. పెద్ద స్టాండు వేయాలి, తీయాలి. ఇంత అయ్యాకే సీటు మీద కూర్చోవడం.

ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే మా బావగారికి చెప్పేవాణ్ణి. ఆయన కాలేజీ రోజుల్లో యెజ్డీ నడిపారు. పెళ్ళయ్యాక స్కూటరు, పిల్లలు పుట్టాక కారు. రిటైరైన ఏడాది, పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడ్డాక, పాత ముచ్చట తీర్చుకుందామని గుండ్రటి హెడ్‌లైటు, మెరిసే క్రోమ్ ట్యాంకు ఉన్న 650 సీసీ బండి కొన్నారు. రోడ్డు మీద ఆయనకేమీ కాలేదు. మూడో వారంలో అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మలుపులో బండి ఆగింది. ఎడమకాలు ఆనించబోతే ఆ వాలులో నేల అందలేదు. బండి మెల్లగా ఒరిగి కాలి మీద పడింది. చీలమండ విరిగింది. ఆ క్షణాన బండి వేగం సున్నా.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ “ఈ వయసులో మీకెందుకండీ” అన్నారు. నాకా మాట అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. తప్పు వయసుది కాదు. బండిని కళ్ళతో ఎంచుకున్నారు, కాళ్ళతో చేతులతో ఎంచుకోలేదు. ఇరవయ్యారేళ్ళ విరామాన్ని ఒక వారాంతంలో దాటేయొచ్చనుకున్నారు. ఈ రెండు పొరపాట్లూ జపాన్‌లో ఒక తరం చేసింది, దిద్దుకుంది. అందుకే అక్కడి సంగతులు కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది.

1980ల మొదట్లో జపాన్ కుర్రకారుకు మోటార్ సైకిల్ పిచ్చి పట్టింది. 1982లో ఆ ఒక్క దేశంలోనే 32 లక్షలకు పైగా ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. అదే దశాబ్దంలో హైస్కూలు పిల్లల తల్లిదండ్రుల సంఘాలు ‘మూడు వద్దులు’ అనే ఉద్యమం నడిపాయి. లైసెన్సు తీసుకోవద్దు, బండి కొనొద్దు, నడపొద్దు. దానికి తోడు 1975 నుంచి 400 సీసీ దాటిన బండికి లైసెన్సు కావాలంటే డ్రైవింగ్ స్కూలు దారి మూసుకుపోయింది. నేరుగా పరీక్షా కేంద్రానికి వెళ్ళి నెగ్గాలి. నెగ్గేవాళ్ళు చాలా తక్కువ. 1996లో ఆ నిబంధన మారి, స్కూల్లో నేర్చుకుని పెద్ద బండి లైసెన్సు తెచ్చుకునే వీలు కలిగింది.

అప్పటికి ఆ కుర్రాళ్ళు నడివయసుకు చేరుతున్నారు. ఇల్లు అప్పు తీరుతోంది, పిల్లలు చేతికందుతున్నారు. కుర్రతనంలో నడిపి మానేసినవాళ్ళు, అసలు నడపనివ్వకపోతే మనసులో దాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వాళ్ళకు ‘రిటర్న్ రైడర్’ అన్న పేరు స్థిరపడింది. కంపెనీలు కూడా వాళ్ళ మనసు కనిపెట్టాయి. 1966 నాటి తన డబ్ల్యూ1 పోలికలతో కవాసాకి 1999లో డబ్ల్యూ650 తెచ్చింది. యమహా ఎస్‌ఆర్400 అయితే 1978లో పుట్టి 2021 దాకా బతికింది. చివరి బండి వరకూ దానికి సెల్ఫ్ స్టార్టు లేదు. కిక్కు కొట్టాల్సిందే. నేడు జపాన్‌లో కొత్త మోటార్ సైకిల్ కొనేవాళ్ళ సగటు వయసు యాభై దాటింది.

తిరిగొచ్చినవాళ్ళతో పాటు ప్రమాదాలూ వచ్చాయి. చేతులకు పాత నైపుణ్యం గుర్తుంది, చూపుకూ కండరాలకూ ఆ చురుకు లేదు. పైగా పాతికేళ్ళలో బండ్ల శక్తి పెరిగింది. దీనికి అక్కడి సమాజం చూపిన స్పందనే నన్ను ఆకట్టుకుంది. “మీకెందుకండీ” అనలేదు. పోలీసులు సెలవు రోజుల్లో శిక్షణ తరగతులు పెట్టారు. తల తర్వాత ప్రాణాలు తీసేది ఛాతీ గాయాలేనని చెప్పి, హెల్మెట్‌తో పాటు ఛాతీకి రక్షణ కవచం కట్టుకోమని టోక్యో పోలీసులు ఇప్పటికీ ప్రచారం చేస్తున్నారు. బండి కొనే ముందే ఒక రోజు మైదానంలో సాధన చేయడం అక్కడ నామోషీ కాదు.

ఆ సాధనలో అన్నిటికంటే విలువైనది ‘ఇప్పొన్‌బాషి’ అని నా అభిప్రాయం. ఒంటి వంతెన అనుకోవచ్చు. 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సన్నటి దిమ్మె. దాని మీద బండిని పడిపోకుండా నడపాలి. వేగంగా దాటేయడం సులువు. పరీక్ష అది కాదు. పెద్ద బండి లైసెన్సుకు కనీసం పది సెకన్లు దాని మీద ఉండాలి, 400 సీసీ వరకైతే ఏడు సెకన్లు. పది సెకన్లంటే మనిషి నడక వేగం. క్లచ్ సగం పట్టుకుని, వెనక బ్రేకు మీద కాలు సన్నగా నొక్కి, చూపు చక్రం మీద కాకుండా దూరంగా నిలిపితేనే అది సాధ్యం. ఈ మూడూ ఒంటబట్టిన మనిషి సెల్లార్ ర్యాంపులో పడడు. యూ టర్న్‌లో పడడు. బండి ఆగే ఆఖరి రెండడుగుల్లోనే తిరిగొచ్చినవాళ్ళ పరువూ ప్రాణమూ ఉన్నాయని జపాన్ వాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు.

మనకు ‘ఎనిమిది’ ఉంది. లైసెన్సు ఇచ్చేముందు కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేయించడం కూడా ఇలాంటిదే. కానీ దాన్ని చాలామంది స్కూటీ మీదో, తేలికపాటి బండి మీదో వేసి బయటపడతారు. గేర్లున్న మోటార్ సైకిల్‌కు మన దేశంలో ఒకటే లైసెన్సు. వంద సీసీకీ అదే, వెయ్యి సీసీకీ అదే. జపాన్‌లో 125 దగ్గర ఒక గీత, 400 దగ్గర మరో గీత గీసి ఆపుతారు. ఇక్కడ చట్టం ఆపదు కాబట్టి ఎవరి గీత వాళ్ళే గీసుకోవాలి.

నా లెక్కలో ఆ గీత మొదటి ఏడాదికి 350 సీసీ దగ్గర, 200 కిలోల లోపు. కారణం ఇంజన్ శక్తి కాదు, బరువే. మన తరం నడిపిన ఆర్‌ఎక్స్100 బరువు వంద కిలోల పైచిలుకు. ఇప్పటి క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఇంటర్‌సెప్టర్ 650 పెట్రోలుతో కలిపి 200 కిలోలు ఎప్పుడో దాటేసింది. అంటే కుర్రతనంలో ఒంటిచేత్తో తిప్పిన బండికి రెట్టింపు బరువును, సగం ఓపికతో మోయబోతున్నామన్నమాట. ట్యాంకు మీది బంగారు గీతలు ఈ బరువును దాచేస్తాయి. పాత ఆకారం చూస్తే పాత చుట్టం ఇంటికొచ్చినట్టుంటుంది. అక్కడే మోసపోతాం.

అలాగని పాత తరహా బండి వద్దని నేననను. తిరిగొచ్చేవాళ్ళకు నేను సిఫారసు చేసేదే అది. నడుం నిటారుగా ఉంటుంది, హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది, మోకాళ్ళు మరీ ముడుచుకోవు. హోండా సీబీ350 ఇంజన్‌ను చూడండి. దాని లాగుడు బలం 3,000 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. మూడో గేరులో నెమ్మదిగా పోతున్నా గునియదు, ఆక్సిలరేటర్ కాస్త తిప్పితే ఉలిక్కిపడి దూకదు. తిరిగొచ్చేవాడికి కావలసింది ఈ నెమ్మదితనమే. ఇందులో మనకొక ముచ్చటైన సంగతి కూడా ఉంది. 2020లో ముందు మన దేశంలో హైనెస్ సీబీ350గా వచ్చిన ఈ బండే, 2021లో జీబీ350 పేరుతో జపాన్ చేరింది. హైదరాబాద్‌లో, కుమమోతోలో యాభై దాటినవాళ్ళు ఒకే ఇంజన్ దగ్గర కలుసుకుంటున్నారు.

నిజంగా పాతదే, నాన్నగారి కాలం నాటి బుల్లెట్టే కావాలనేవాళ్ళున్నారు. ఆ ప్రేమను నేను గౌరవిస్తాను. కానీ మొదటి బండిగా అది వద్దు. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇప్పటి బండ్లలో అది తారుమారు. కుక్క అడ్డొచ్చినప్పుడు కాలు ఆలోచించదు, అలవాటైన వైపే తొక్కుతుంది. ఇంతకంటే కనిపించని చిక్కు ఇంకొకటుంది. స్ప్లెండర్ లాంటి బండ్లలో గేర్లన్నీ ముందుకు తొక్కితేనే పడతాయి. 350ల్లో మొదటిది ముందుకు, మిగతావి వెనక్కి. ఏళ్ళ తరబడి స్ప్లెండర్ నడిపిన పాదం రెండో గేరు నుంచి మూడోది వేద్దామని ముందుకు నొక్కితే పడేది ఒకటో గేరు. వెనక చక్రం గిచ్చినట్టు పట్టేస్తుంది. ఖాళీ మైదానంలో వంద సార్లు గేర్లు మార్చి పాదానికి కొత్త అలవాటు నేర్పనిదే రోడ్డెక్కకూడదు.

బ్రేకుల సంగతీ అంతే. జపాన్ పరీక్షలో 40 కిలోమీటర్ల వేగం నుంచి పొడి నేల మీద 11 మీటర్లలో బండి ఆపి చూపించాలి. డ్రమ్ బ్రేకుల కాలంలో నేర్చుకున్న మనం ముందు బ్రేకును అనుమానంగా చూస్తాం, పట్టుకుంటే పడతామని. నిజానికి ఆపే బలం ఎక్కువగా ముందు చక్రానిదే. 2019 నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండికి ఏబీఎస్ తప్పనిసరి. అయితే కొన్ని బండ్లకు అది ముందు చక్రానికే ఉంటుంది. తిరిగొచ్చేవాళ్ళు రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న బండి తీసుకోవాలి. ధరలో తేడాను రంగు దగ్గరో, అదనపు సామాను దగ్గరో మిగుల్చుకోవచ్చు, ఇక్కడ మాత్రం వద్దు.

జపాన్ మనలాగే ఎడమవైపు నడిచే దేశం. పోలిక దాదాపు అక్కడితో సరి. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, రంగు వేయని స్పీడ్ బ్రేకరు, డివైడర్ దగ్గర ఎదురొచ్చే ఆటో వాళ్ళకు తెలియవు. కాబట్టి ఒంటి వంతెన సాధన, బ్రేకు సాధన వాళ్ళకంటే మనకే ఎక్కువ అవసరం. వాళ్ళకున్న మైదానాలు, తరగతులు మనకు లేవు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే కాలేజీ గ్రౌండు మాత్రం ప్రతి ఊళ్ళో ఉంది. సున్నంతో 15 మీటర్ల పొడవున, 30 సెంటీమీటర్ల ఎడంగా రెండు గీతలు గీయడానికి ఖర్చేమీ కాదు. ఆర్టీఓ కార్యాలయాలు, బండ్లు అమ్మే షోరూములు నెలకో ఉదయం ఇలాంటి సాధన పెడితే ఎన్నో కాళ్ళు విరగకుండా ఉంటాయి. పెట్టమని మనమే అడగాలి.

లైసెన్సు తీసి తేదీ చూసుకోండి. గడువు తీరి ఏడాది దాటితే మళ్ళీ పరీక్షకు వెళ్ళాల్సిందే. వెళ్ళండి, ఈసారి ఎనిమిదిని మీరు కొనబోయే బరువైన బండి మీద వేయండి.

మా బావగారి కాలు అతుక్కుంది. ఆ 650 అమ్మేశారు. ఇప్పుడు 350 బండి మీద, తెల్లవారుజామున కృష్ణ కరకట్ట వెంట వెళ్ళొస్తున్నారు. కొనే ముందు షోరూములో ఆయన చేసిన పనే మీరూ చేయండి. టెస్ట్ రైడ్ అడగక ముందే, ఇంజన్ ఆపి ఉన్న బండి స్టాండు తీసి పదడుగులు వెనక్కి నెట్టండి. రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. పడిపోతే లేపే పద్ధతి మెకానిక్‌ను అడిగి నేర్చుకోండి. బండి గేరులో ఉండాలి, కుడివైపు పడితే ముందే సైడు స్టాండు వేసి ఉంచాలి, నడుంతో కాకుండా తొడల బలంతో లేపాలి. పదడుగులు నెట్టలేకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ బండి మీది కాదు. పక్కనున్న తేలికైన బండి చూపించమనండి.