ఎర్రలైటు వెలిగేదాకా ఆగొద్దు

పంట బండికెక్కాక రైతు ధ్యాసంతా రేటు మీదే ఉంటుంది. బండి సంగతి డ్రైవరు చూసుకుంటాడులే అనుకుంటాం. కానీ ఎండాకాలంలో నిండు లోడుతో ఘాటెక్కుతున్న ట్రక్కు ఇంజను సీజయితే నష్టం బండి ఓనరు ఒక్కడిదే కాదు. మదనపల్లె మార్కెట్టుకు పొద్దున్నే చేరాల్సిన టమోటా రోడ్డు పక్కన ఎండకు మెత్తబడిపోతే ఆ రైతుకు ఎవరిస్తారు పరిహారం? అందుకే డ్యాష్‌బోర్డులో మీటర్ల సంగతి వ్యవసాయ పేజీలో రాయాల్సి వస్తోంది.

చాలా చిన్న ట్రక్కుల్లో ఆయిలు ప్రెషరు చూపే ముల్లు మీటరు ఉండదు. ఉండేదల్లా ఒక ఎర్రలైటు. మామూలుగా ప్రెషరు 5 నుంచి 10 పౌండ్లకు పడిపోతేగానీ ఆ లైటు వెలగదు. బండి పరుగులో 50 పౌండ్లు ఉండాల్సింది 25కు దిగినా లైటు నోరు విప్పదు. అది వెలిగి, డ్రైవరు చూసి, బండి పక్కకు ఆపేలోగా బేరింగులు పట్టేయొచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టన్నమాట.

వేడి మీటరు కంపెనీదే ఉంది కదా అనొచ్చు. ఉంది, కానీ దానికీ ఓ లోపముంది. హోసు పగిలి నీళ్లన్నీ కారిపోతే సెన్సరుకు నీళ్లు తగలవు. లోపల ఇంజను ఉడికిపోతున్నా ముల్లు చల్లగానే చూపించొచ్చు. అలాంటప్పుడు వేడికి ఆయిలు పలచబడి ప్రెషరు తగ్గుతుంది. ఆ మీటరు ఉంటే రెండో సాక్షి ఉన్నట్టే. అందుకే లోడు బండికి విడిగా ఒక ఆయిలు ప్రెషరు మీటరు పెట్టించుకోవడం సోకు కాదు, అవసరం అంటాను.

అయితే ఎలా పడితే అలా బిగిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. కంపెనీ స్విచ్చి తీసేయకుండా 'టీ' జాయింటు వేసి రెండూ ఉంచాలి. సన్నటి గొట్టంతో ఆయిలునే మీటరు దాకా తెచ్చే రకమైతే, గొట్టం తెగితే కాగిన ఆయిలు క్యాబిన్లో చిమ్ముతుంది. కాబట్టి క్యాబిన్ బండికి వైరు రకమే మేలు. మీటరు, సెండరు ఒకే జతవి కావాలి. 12 వోల్టుల బండికి 24 వోల్టులది పనికిరాదు. సెండరు మరకు టెఫ్లాన్ టేపు మందంగా చుడితే ఎర్తు అందక ముల్లు తప్పు చూపిస్తుంది. కరెంటు ఇగ్నిషన్ నుంచి, విడిగా ఫ్యూజు పెట్టి తీసుకోవాలి. వారంటీ ఉన్న కొత్త బండి అయితే వైర్లు కోయకముందే డీలరును అడగడం మంచిది.

'మీటరు పెట్టినా చూసేదెవరండీ?' అని కొందరు ఓనర్లు అంటారు. మాట నిజమే. కానీ ముల్లు పడిందని బండి ఆపిన డ్రైవరుకు చీవాట్లు పెడితే ఇంకోసారి ఎందుకు ఆపుతాడు? ఈ తప్పులో మన రైతులకూ వాటా ఉంది. టైమైపోతోంది పోనీ పోనీ అని తొందరపెట్టేది మనమే కదా! పావుగంట ఆగితే పోయేది పావుగంటే. ఇంజను పడితే ఆ రోజు మార్కెట్టే పోతుంది.

ఇక కంపెనీల వారికి ఒక్క మాట. లోడు లాగే బండిలో పాటలకూ, సెల్ ఛార్జింగుకూ చోటు దొరికినప్పుడు ఒక ముల్లుకు చోటు లేకపోవడం ఏం న్యాయం? ఇంజను బోరు చేయించే ఖర్చు ముందు మీటరు ఖరీదు లెక్కలోకే రాదు. బండి అమ్మేటప్పుడే ఆ మీటరు ఇవ్వాలి.

వాళ్లు ఇచ్చేదాకా మన జాగ్రత్త మనదే. కిరాయి మాట్లాడుకునే రైతు టన్నుకెంత అని అడగడంతో పాటు, ఆయిలు ప్రెషరు మీటరు ఉందా, పని చేస్తోందా అని కూడా అడగాలి. పదిమంది రైతులు అడిగితే పదకొండో రోజున ఓనరే బిగించుకొస్తాడు.