హోటలుకు వెళ్ళే రోజున టిఫిను మానవద్దు

ప్రశ్న: మావారి వయసు 52. ఆరేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. ఇంట్లో నేను పెట్టినంతే తింటారు, పేచీ పెట్టరు. కాని ఆదివారం పిల్లలతో హోటలుకు వెళితే ఆయన్ని ఆపలేను. "మధ్యాహ్నం ఎలాగూ తింటాంగా" అని ఉదయం టిఫిను మానేస్తారు. రోజూ వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్రకు తోడు, ఆ రోజు ఇంకొకటి కలిపి వేసుకుంటారు. బఫేలో "డబ్బు కట్టాం, వదిలేస్తామా?" అంటూ మూడు నాలుగుసార్లు వడ్డించుకుంటారు. ఇందువల్ల ప్రమాదం లేదా?
- పేరు ప్రకటించవద్దన్న సోదరి, ఏలూరు

జవాబు: ప్రమాదం ఉంది. అయితే అతిగా తినడంకంటె ముందు ఆ రెండో మాత్ర సంగతి చూడాలి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి ఉంది. అందుచేత ఈ జవాబు మీవారి ఒక్కరికే కాదు.

గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మీవారు తిన్నారా లేదా అన్నది అది చూడదు. దాని ప్రభావం దాదాపు 24 గంటలు ఉంటుంది. టిఫిను లేకుండా ఆ మాత్ర వేసుకుని, హోటల్లో బల్ల ఖాళీ అయ్యేదాకా కూర్చుంటే, అన్నం రాకముందే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. తిన్నది సాయంత్రానికి అరిగిపోయినా మందు పని చేస్తూనే ఉంటుంది. అప్పుడు రాత్రి నిద్రలో పడిపోవచ్చు. ఇది మరీ ప్రమాదం.

చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దీని లక్షణాలు. పరీక్షలో చక్కెర 70 కంటె తక్కువ ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మాత్ర పెంచడం, తగ్గించడం డాక్టరు చెప్పకుండా చేయరాదు.

ఇక తిండి విషయం. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఉదయంనుంచి ఖాళీ కడుపుతో ఉన్న మనిషి ఆ 20 నిమిషాల్లో రెండు ప్లేట్లు ముగిస్తాడు. కనుక బల్ల దగ్గర నిగ్రహం చూపమని ఆయనను పోరడంకంటె, ఇంటి దగ్గరే ఏర్పాట్లు చేసుకోవడం సులువు.

ఆదివారం కూడా వేళకు టిఫిను పెట్టండి. రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో చాలు. బయలుదేరేముందు గ్లాసు పల్చని మజ్జిగ ఇవ్వండి. బఫే మాని, కావలసినవి మాత్రమే ఆర్డరు చేసే హోటలుకు వెళ్ళండి. ఫుల్ బిర్యానీ అయితే ఇద్దరు పంచుకోండి. మిగిలింది పార్శిల్ కట్టించి, రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో పెట్టండి. కూల్‌డ్రింకు వద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు ఆరు చెంచాల పంచదార ఉంటుంది.

తినే వరుస కూడా ముఖ్యమే. ముందు కూరముక్కలు, పప్పు, చికెన్ లేదా చేప. ఆ తర్వాతే అన్నం, రొట్టె. 2015లో న్యూయార్కులోని వీల్ కోర్నెల్ వైద్య కళాశాలవారు 11 మంది మధుమేహ రోగులకు ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. కూరలు, మాంసం ముందు తిన్న రోజున భోజనానంతరం చక్కెర తక్కువగా పెరిగింది. చిన్న పరిశోధనే అయినా, ఖర్చు లేని పద్ధతి గనుక పాటించవచ్చు.

తప్పనిసరిగా బఫేకే వెళితే, ముందు ఒకసారి అన్నీ చూసి రమ్మనండి. తరువాత ఇష్టమైనవి మూడో నాలుగో ఎంచుకుని ఒకే ప్లేటులో పెట్టుకోమనండి. మారు వడ్డనకు లేచేముందు పది నిమిషాలు పిల్లలతో కబుర్లు చెప్పమనండి. నాలుగో ప్లేటు తిన్నా మానినా బిల్లు మారదని ఆయనకు నచ్చజెప్పండి. ఇంటికి వచ్చి వెంటనే పడుకోకుండా, పావుగంట మెల్లగా నడవడం మంచిది.

చివరిగా ఒక హెచ్చరిక. బరువైన భోజనం తర్వాత గుండెమీద పని భారం పెరుగుతుంది. షుగరు ఉన్నవారిలో గుండెపోటు తీవ్రమైన నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం, చల్లని చెమట కనిపిస్తే "హోటలు తిండి, గ్యాసు పట్టింది" అని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఈ వారంలోనే మీవారిని డాక్టరుకు చూపించి, అదనంగా వేసుకుంటున్న మాత్ర సంగతి దాచకుండా చెప్పండి.