ఇంటి వద్ద బ్రేకుల మరమ్మతు: లోపం సామానులో కాదు, బిగింపులో

తిరుపతి: సొంత కార్ల బ్రేకు ప్యాడ్లు, షూలు ఇంటి వద్దనే మార్చుకునే అలవాటు పల్లెల్లో సైతం కనిపిస్తోంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్న రైతుకు, చిరుద్యోగికి పట్నంలోని వర్క్‌షాపు దూరాభారం, ఖర్చు. సామాను దుకాణంలో దొరుకుతుంది; బిగించే విధానం సెల్‌ఫోనులో కనిపిస్తుంది. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. అయితే కొత్త సామాను వేసిన తర్వాతనే బ్రేకులు మొరాయించడం, దుకాణదారును నిందించి మళ్లీ కొత్తది కొనడం జరుగుతోంది. చాలా సందర్భాలలో లోపం సామానులో గాక బిగించిన పద్ధతిలో ఉంటుందని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెబుతారు.

పెడలే చెబుతుంది

ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపరులోని పిస్టనును వెనక్కు నెడతారు. ఆ ఖాళీ పూడేవరకు మొదటి ఒకటి రెండు తొక్కులకు పెడలు అడుగంటిపోతుంది. కనుక బండి కదలకముందే, పెడలు గట్టిపడేవరకు పలుమార్లు తొక్కాలి. ఇది మరచి కారు తీసినవారికి ఎదుట గోడ తగిలేవరకు సంగతి తెలియదు.

ఎన్నిమార్లు తొక్కినా పెడలు స్పంజిలా మెత్తగా ఉంటే పైపులలో గాలి చేరినట్లే. ఆయిలు ఒత్తిడికి కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. హోసు, క్యాలిపరు, వీల్ సిలిండరు విప్పినవారు గాలి తీయక తప్పదు. ఒకరు పెడలు తొక్కి పట్టగా మరొకరు నిప్పిల్ వదులు చేసి, ఆయిలు కారిన పిమ్మట బిగించాలి. ఆ తర్వాతనే కాలు తీయాలి. పై డబ్బాలో ఆయిలు అడుగంటితే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఎంత తీసినా గాలి పోకుంటే కుడి, ఎడమ క్యాలిపర్లు తారుమారయ్యాయేమో చూడాలి. నిప్పిల్ పైవైపున ఉండాలి. అది కిందకు వస్తే గాలి పైననే నిలిచిపోతుంది.

తొక్కి పట్టిన పెడలు మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో ఆయిలు కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండరు రబ్బరు సీళ్లు పోయినవి. పెడలు రాయిలా గట్టిగా ఉంటే బూస్టరు పైపు ఊడిందేమో చూడాలి. బ్రేకు వేసినపుడు బండి ఒక పక్కకు లాగితే, ప్యాడుకు గ్రీజు అంటుకున్నట్లో, క్యాలిపరు పిన్నులు పట్టేసినట్లో అనుమానించాలి. తొక్కకపోయినా ఒక చక్రం కాలిపోతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదని అర్థం.

ఘాటు రోడ్డుపై బయటపడే లోపం

ఊరి రోడ్డుపై బయటపడని లోపం కొండ దిగేటప్పుడు బయటపడుతుంది. తిరుమల నుండి దిగేందుకు వాడుతున్న మొదటి ఘాటు రోడ్డు 1944లో, ఎక్కేందుకు వాడుతున్న రెండవది 1974లో ప్రారంభమైనవి. దిగే దారిలో మలుపు మలుపుకూ బ్రేకుతో పనిపడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నపుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరిన ఆయిలుకు అదే 140 డిగ్రీలు. డాట్ 4 రకానికి ఇవి 230, 155 డిగ్రీలు. బ్రేకుల వేడికి పాత ఆయిలు మరిగి ఆవిరి బుడగలు పుడితే, అప్పటిదాకా గట్టిగా ఉన్న పెడలు హఠాత్తుగా దిగిపోతుంది. ప్యాడ్లు కొత్తవే గదా అని పాత ఆయిలుతో కొండ ఎక్కడం ఇందుకే ప్రమాదకరం. ఇంజను ఆయిలు పోయడం మరింత ప్రమాదం; దానికి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. దిగేటప్పుడు చిన్న గేరులో ఉంచి, బ్రేకుపై భారం తగ్గించడం అన్ని బండ్లకూ మేలు.

చూసే వారెవరు?

టాక్సీలకు, బస్సులకు నిర్ణీత గడువులలో ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది; ఆపైన తనిఖీ చేసి 5 ఏళ్లకోసారి పొడిగిస్తారు. ఈ మధ్యకాలంలో ఇంటి వద్ద బిగించిన బ్రేకును విధిగా పరీక్షించే వారు లేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను ప్రకారం, సాధారణ జాగ్రత్తతో తెలుసుకోగల లోపం ఉన్న బండిని రోడ్డుపై నడపడం నేరం. చట్టం బాధ్యతను నడిపేవాడిపై పెట్టింది గాని, ఆ జాగ్రత్త నేర్పే ఏర్పాటు పల్లెకు చేరలేదు.

రవాణా శాఖ అధికారులు, ఐ.టి.ఐ.ల మోటారు మెకానిక్ విభాగాల సహకారంతో మండల కేంద్రాలలో అప్పుడప్పుడు బ్రేకుల తనిఖీ శిబిరాలు జరిపిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. అంతవరకు బ్రేకు విప్పిన ప్రతివారూ బండిని ముందుగా ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి, పలుమార్లు ఆపి చూసుకోవాలి. ఆయిలు చుక్క కారినా, పెడలు మెత్తబడినా రోడ్డెక్కకుండా మెకానిక్కునే ఇంటికి పిలిపించుకోవడం మంచిది. ఆ ఖర్చుకు వెనుకాడితే నష్టపోయేది కారులోని కుటుంబమే గాక, ఎదురుగా వచ్చే సైకిలు మనిషి కూడా.