ముదినేపల్లి భూముల బేరాలు: కమీషన్ మధ్యవర్తికి.. రిస్క్ కొనేవాళ్లకేనా?

ఒకప్పుడు ముదినేపల్లి, కైకలూరు వైపు భూమి బేరం అంటే ఊళ్లో పెద్దమనిషి లాంటి మధ్యవర్తే గుర్తొచ్చేవాడు. ఏ గట్టు ఎవరిది, ఏ కాలువ నీళ్లొస్తాయి, అన్నదమ్ముల్లో ఎవరు సంతకం పెట్టనంటున్నారు.. అన్నీ ఆయన నోటి మీదే ఉండేవి. ఇప్పుడా స్థానంలో టై కట్టుకున్న మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ వచ్చాడు. చేతిలో బ్రోచర్, నెలాఖరుకు టార్గెట్. మరి బాధ్యత కూడా పెరిగిందా? అదే అసలు ప్రశ్న.

మార్కెట్ ఎలా మారింది?

ఇక్కడి మధ్యవర్తికి మొదట అన్నం పెట్టింది చేపల చెరువుల లీజులే. 2014లో రాజధాని ప్రకటనతో ఉమ్మడి కృష్ణా జిల్లాలో ప్లాట్ల మోజు పెరిగింది. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే సీన్ తిరగబడింది. 2022 ఏప్రిల్ 4న ముదినేపల్లి మండలం ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఇలా ప్రతి మలుపులోనూ ధర పెరుగుతుందని చెప్పడం తేలిక. పెరగకపోతే నష్టం మాత్రం కొన్నవాడిదే.

చట్టం ఏం చెప్తోంది?

2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్ కూడా రిజిస్టర్ చేయించుకోవాలి. లేకుంటే రోజుకు 10 వేల రూపాయల జరిమానా. అది ఆస్తి విలువలో 5 శాతం వరకు వెళ్లొచ్చు. రిజిస్టర్ కాని ప్రాజెక్టును అమ్మించకూడదు. ఒప్పందం రిజిస్టర్ కాకుండా ప్రమోటర్ 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ప్రీలాంచ్ ఆఫర్ అంటూ ముందే మొత్తం కట్టమంటే అక్కడే అనుమానించాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. పొలం అమ్మకాలు, చెరువు లీజులు రెరా కిందకు రావు. ఈ ప్రాంతంలో బేరాలు ఎక్కువగా జరిగేది మాత్రం వాటి మీదే. అంటే మధ్యవర్తి మాటే పూచీ.

కొల్లేరు పాఠం

కొల్లేరులో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటిస్తూ 1999లో జీవో 120 వచ్చింది. అయినా చెరువులు తవ్వారు, చేతులు మారాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు. పెట్టుబడి పెట్టినవాళ్లు రోడ్డున పడ్డారు. అప్పటికే తీసుకున్న కమీషన్‌కు ఆ సెగ తగలలేదు.

కొనే ముందు ఏం చూడాలి?

ఈసీ ఒక్కటి చూసి ఊరుకుంటే చాలదు. రిజిస్టర్ అయిన లావాదేవీలే అందులో కనిపిస్తాయి. కాంటూరు గురించి గానీ, కుటుంబ తగాదా గురించి గానీ అది చెప్పదు. అడంగల్, 1బీతో పాటు 22ఏ నిషేధిత జాబితా చూడాలి. అసైన్డ్ భూమా కాదా అన్నది తేల్చుకోవాలి. చెరువైతే ఆక్వా లైసెన్స్ అడగాలి. ప్లాటైతే ప్రాజెక్టు, ఏజెంట్ ఇద్దరి రెరా నంబర్లూ సరిచూసుకోవాలి.

ఆడపిల్ల పెళ్లికని దాచిన డబ్బు బయానాగా ఇచ్చేముందు ఈ కాగితాలు అడిగితే నిజాయితీ ఉన్న మధ్యవర్తి నొచ్చుకోడు. పదేళ్ల తర్వాత కూడా అదే ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది ఆయనే కదా. విసుక్కునేవాడి దగ్గర బేరం ఆపేయడమే మేలు.